అరవని దూలం

పన్నెండూ పదికి జుమాగుల్ అదే ప్రశ్న తొమ్మిదోసారి అడిగింది.

"నాలుగో దిమ్మె పెట్టాక ఏం జరిగింది?"

"చెప్పాను కదా ఎజె," అంది ఎదురుగా ఉన్న పిల్ల. అక్కడ వయసులో పెద్దామెను ఎజె, అంటే అక్క, అనే పిలుస్తారు.

"మళ్లీ చెప్పు. నాకు మతిమరుపు."

మతిమరుపేమీ లేదు. ఉన్నదల్లా అలసట. రెండు రోజులుగా బూట్లు విప్పలేదు. మోకాళ్లు రెండూ వాచి గుమ్మడికాయల్లా ఉన్నాయి. ఇంకో రెండు నెలలు గడిస్తే పింఛను. ముప్ఫై ఒక్కేళ్ల మిలీషియా, అంటే పోలీసు, ఉద్యోగంలో ఆమె నడుం విరగ్గొట్టింది దొంగలు కాదు, కాగితాలు. ఇప్పుడు కూడా ఆమె ముందు ఒక కాగితం ఉంది. దాని మీద అందరి సంతకాలూ అయిపోయాయి. ఆమెది ఒక్కటే మిగిలింది.

ఎదురుగా కూర్చున్న ఐచురెక్‌కి ఇరవై రెండేళ్లు. నారిన్ కొండల్లో గొర్రెలు మేపే ఇంటి పిల్ల. బిష్కెక్ నిర్మాణ కళాశాలలో చెక్క, ఉక్కు కట్టడాల శాఖలో ఆఖరి సంవత్సరం. మొన్న గురువారం ఆమె పట్టా పరీక్ష. ఆ శాఖలో పట్టా పరీక్షంటే నోటితో వప్పజెప్పేది కాదు. పిల్లో పిల్లాడో తాను లెక్క కట్టి, తన చేతుల్తో జిగురు పూసి చేసిన దూలాన్ని పరీక్షా మండలి ముందు పైకెత్తించాలి. దాని మీద ఇనుప దిమ్మెలు ఒక్కొక్కటే పేరుస్తుంటే వచ్చి కింద నిలబడాలి. నువ్వు కట్టిన దాని కింద నువ్వే నిలబడకపోతే ఇంకొకణ్ణి నిలబడమనే హక్కు నీకెక్కడిది? నలభై ఏళ్ల కింద ఆ శాఖ మాస్టారు, కెన్‌జెబెక్ అగాయ్, పెట్టిన ఆచారం అది. ఒక్క విద్యార్థిని కూడా ఆయన ఒంటరిగా నిలబెట్టలేదు. పక్కన తనూ నిలబడేవాడు.

ఈ గురువారం పదకొండూ ఇరవైకి, తొమ్మిది దిమ్మెలు మోయాల్సిన దూలం నాలుగో దిమ్మెకే రెండు ముక్కలైంది. కింద అగాయ్ ఒక్కడే ఉన్నాడు. డెబ్భై ఒక్కేళ్ల మనిషి. ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

ఇప్పుడు శనివారం. రెండు గంటలకు జైలు బండి వస్తుంది. జుమాగుల్ సంతకం పెడితే పిల్ల అందులో ఎక్కుతుంది. నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం తీసినందుకు ఏడేళ్లు.

"నాలుగో దిమ్మె దించారు," అంది ఐచురెక్. "క్రేన్ కొక్కెం వదిలారు. అంతే."

"విరిగే ముందు చప్పుడు?"

"రాలేదు."

"కొంచెం కూడా?"

పిల్ల తలెత్తింది. రెండు రోజుల్లో ఆ కళ్లలో ఏడుపు కాకుండా ఇంకోటి కనబడటం అదే మొదలు.

"అదే ఎజె, నాకూ అర్థం కానిది. చెక్క ఊరికే విరగదు. ముందు కిర్రుమంటది. తర్వాత టప్పు టప్పుమని లోపల నారలు తెగుతయి. ఆ తర్వాతే విరుగుద్ది. మొదటి ఏడాదే మాకు కళ్లకు గంతలు కట్టి వినిపిస్తారు అగాయ్. ఎన్నో నార తెగిందో చెప్పకపోతే టీ ఇయ్యరు. ఉక్కు వంగి చెప్తుంది, చెక్క అరిచి చెప్తుంది, వింటే బతుకుతారు అనేవాళ్లు. ఇది అరవలేదు. ఒక్కసారి కూడా అరవలేదు."

జుమాగుల్ ఆ మాట రాసుకోలేదు. రాసుకుంటే పిల్ల బెదిరి ఆగిపోతుంది. జేబులోంచి నూనెలో వేయించిన రెండు బోర్సోక్ రొట్టె ముక్కలు తీసి బల్ల మీద పెట్టింది.

"తిను. తిని ఇది చెప్పు. నువ్వు కింద ఎందుకు లేవు? నీ దూలం. నీ ఆచారం. నువ్వేమో తలుపు దగ్గర ఉన్నావు. విరుగుతుందని ముందే తెలిసే నిలబడలేదని రాశారు ఇందులో."

పిల్ల బోర్సోక్ ముట్టుకోలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"అగాయ్ వద్దన్నారు."

"ఈ రెండు రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"ఏడేళ్ల జైలు కంటే ఎక్కువ సిగ్గా కిజిమ్, నా బిడ్డా?"

"మండలి అంతా కూర్చునుండగా నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. 'నువ్వు పో. ఇది నీది కాదు' అన్నారు." ఐచురెక్ మణికట్టు రుద్దుకుంది, ఇంకా అక్కడ ఆ పట్టు ఉన్నట్టు. "ముందు రోజు పద్నాలుగో పేజీలో నా లెక్క తప్పని తిట్టారు. అందుకే అన్నారనుకున్నా. నేను ఆ దూలానికి తగనని. అందరి ముందూ. ఏడుపొచ్చి తలుపు దగ్గరికి పోయాను. ఆయన చివరి మాట అదే ఎజె నాతో. ఇది నీది కాదు."

జుమాగుల్ పక్కనున్న గోనెసంచి లాగింది. హాస్టల్ గదిలో జప్తు చేసిన సామాను. జాబితాలో తొమ్మిదో వరసలో 'చెక్క ముక్క ఒకటి, టీ కెటిల్ కింద పెట్టేది' అని ఉంది. తీసి చూసింది. ఇటుకంత ముక్క. ఎనిమిది పలకలు ఒకదాని మీద ఒకటి అతికించి ఉన్నాయి. ఎర్రటి చేవ. మీద కెటిల్ అడుగు నల్లటి చుట్టలు.

"ఇదేంటి?"

"నా కొనముక్క. దూలం తయారయ్యాక కొస కోస్తాం. ఆ కోసిన ముక్క పరీక్ష అయ్యేదాకా మా దగ్గరే ఉంచుకోవాలి. పాసయితే దాని మీద అగాయ్ టీ పోసి ఇస్తారు. నేను ఆగలేక ముందే వాడేసుకున్నా."

"ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుందా?"

"వేలిముద్ర లెక్క. చూడండి, మూడో పలకలో ఈ నల్ల ముడి ఉంది కదా. చెట్టు వలయాలు పైకి వంగినయి. ఇంకెవరి దానికీ ఇట్లా ఉండదు."

తలుపు తోసుకుని ఎర్మెక్ దువానాయెవ్ వచ్చాడు. తలుపు కొట్టే అలవాటు అతనికి లేదు. నిర్మాణ తనిఖీ శాఖ పెద్ద నిపుణుడు. ప్రాసిక్యూటర్ ఆఫీసు ఈ కేసులో నివేదిక రాయమని పిలిచింది అతన్నే. నలభై ఏళ్లు. బూడిదరంగు కోటు. దాని భుజాల మీద తడి మంచు.

"ఎజె, ఇంకా కానీలేదా? ఏప్రిల్‌లో ఈ మంచేంటి, పొద్దుట్నుంచి ఆగడం లేదు. సంతకం పెట్టేసి ఇంటికి పోయి కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టుకోండి. నాకూ పనుంది. రెండింటికి నా కూతురి కుస్తీ."

"ఎక్కడ?"

"కొత్త క్రీడాశాలలో. ఇవాళే ప్రారంభం. ఊళ్లో బడులన్నీ అక్కడే. మూడొందల మంది పిల్లలు." ఛాతీ కొంచెం పొంగింది. "ఆ కట్టడానికి ఆమోదం ఇచ్చింది నేనే."

"నీ నివేదికలో 'ఘటనా స్థలాన్ని స్వయంగా పరిశీలించితిని' అని రాశావు."

"రాశాను."

జుమాగుల్ వంగి అతని బూట్లకేసి చూసింది. నిగనిగలాడుతున్నాయి.

"ఆ దూలానికి సున్నం కొట్టి ఉంది మిర్జా," అంది, 'అయ్యగారూ' అన్నట్టు సాగదీసి. "పడ్డప్పుడు చెక్క మీది సున్నం చాలా రాలి నేలంతా పిండిలా పరుచుకుంది. నా బూట్లు చూడు. రెండు రోజులుగా తుడుస్తున్నా పోవడంలేదు. నీ బూట్లు పెళ్లికొచ్చినట్టున్నాయి."

"తుడుచుకున్నాను."

"కుట్ల మధ్య కూడానా? చాలా శుభ్రమైన మనిషివి."

దువానాయెవ్ నవ్వాడు కానీ కళ్లు నవ్వలేదు. "ఎజె, లెక్క కాగితం మీద ఉంటుంది. నేల మీద ఉండదు. పద్నాలుగో పేజీ. దూలం కింద లాగిపట్టే ఉక్కు కడ్డీ ఇరవై నాలుగు మిల్లీమీటర్లు ఉండాలి. ఈ పిల్ల ఇరవై అని రాసింది. కడ్డీ చాలలేదు. దూలం కూలింది. మొదటి ఏడాది పిల్లాడికి కూడా తెలిసిన సంగతి. మీకు అర్థం కాకపోతే తప్పులేదు, మీ చదువు వేరు."

"నాది ఎనిమిదో తరగతి. అందుకే చూసింది నమ్ముతాను." జుమాగుల్ బల్ల పట్టుకుని లేచింది. మోకాలు కలుక్కుమంది. "రా. ఇద్దరం పోయి చూద్దాం. నీ బూట్లు పాడవుతాయి, ఏం చేస్తాం."

"నాకు టైం లేదు!"

"నా సంతకం అయ్యేదాకా బండీ కదలదు, నివేదిక రాసిన నువ్వూ కదలవు. రాకపోతే కుస్తీ నువ్వు లేకుండానే అయిపోతుంది."

కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. కొనముక్క చంకలో పెట్టుకుంది. "ఇదేంటి, టీ తాగడానికి పోతున్నామా?" అన్నాడు దువానాయెవ్ వెనకనుంచి.

పన్నెండూ యాభైకి కళాశాల పరీక్షా మందిరం తాళం తీశారు.

తాళం తీసింది కాసిమ్, అక్కడి ఫోర్‌మన్. యాభై ఏళ్లవాడు. చేతుల నిండా జిగురు మరకలు, గోళ్లలోనూ జిగురే. ఇరవై ఆరేళ్లు అగాయ్ కింద పనిచేశాడు. ఎజెకి సలాం చెప్పాడు, దువానాయెవ్‌కి చెప్పలేదు. ఈ రెండు రోజుల్లో అతన్ని మూడుసార్లు అడిగింది జుమాగుల్. మూడుసార్లూ ఒకటే జవాబు: 'క్రేన్ నడిపాను, దిమ్మెలు పెట్టాను, ఇంకేం తెలియదు.'

దూలం పడ్డచోటే ఉంది. ఆరు మీటర్ల పొడుగు, మధ్యలో రెండుగా విరిగి. విల్లుకు నారి కట్టినట్టు దాని కింద ఈ కొసనుంచి ఆ కొసకు ఉక్కు కడ్డీ. రెండు కొసలకూ ఇనుప తొడుగులు. చెక్కకీ ఉక్కుకీ పైనుంచి కిందదాకా సున్నం.

"సున్నం ఎందుకు కాసిమ్?"

"చీలిక కనబడ్డానికి ఎజె. తెల్లదాని మీద వెంట్రుకంత పగులు కూడా నల్లగా కనబడుద్ది."

"కడ్డీకెందుకు? ఉక్కు పగలదు కదా."

కాసిమ్ దువానాయెవ్‌కేసి ఒకసారి చూశాడు. "ఉక్కు సాగితే దాని మీద సున్నం పెచ్చులూడుద్ది."

జుమాగుల్ మోకాళ్ల మీద కూర్చుంది. కూర్చోడానికి ఎంతసేపు పట్టిందో లేవడానికి అంతకు రెట్టింపు పడుతుందని తెలిసి కూర్చుంది. కడ్డీని ఈ కొసనుంచి ఆ కొసదాకా వేలితో తడిమింది. సున్నం పిండిలా అంటుకుని ఉంది. ఒక్క పెచ్చు కూడా ఊడలేదు.

"నీ పద్నాలుగో పేజీ ఇక్కడ రాలిపోయింది మిర్జా. కడ్డీ చాలక కూలితే ముందు కడ్డీ సాగాలి. ఇది సాగలేదు."

"నాలుగు దిమ్మెలకు సాగకపోవచ్చు," అన్నాడు దువానాయెవ్. వెంటనే నోరు మూసుకున్నాడు.

"ఆఁ. నువ్వే అన్నావు. కడ్డీ సాగనంత చిన్న బరువుకే చెక్క ఎందుకు విరిగింది మరి?"

"చెక్క కదా. ఏదో లోపం ఉంటుంది. లోపం చూసుకోవడం కూడా విద్యార్థి బాధ్యతే."

జుమాగుల్ విరిగిన చోటికి పాకింది. పాకడమే సులువు. విరిగిన ముఖం మీద బొటనవేలు పెట్టి రుద్దింది. నున్నగా ఉంది. పింగాణీ పళ్లెంలా. చెక్క విరగలేదసలు. పలకకూ పలకకూ మధ్య ఊడిపోయింది. జిగురు గాజుపొరలా మెరుస్తోంది, దానికి ఒక్క నార కూడా అంటలేదు.

గోడవార పాత దూలాల ముక్కలున్నాయి. ఏళ్ల తరబడి విరగ్గొట్టినవి. వాటి మీద చెయ్యి పెట్టీ పెట్టగానే వేలిలో పేడు దిగింది. పీచు పీచుగా, చీపురుకట్టల్లా ఉన్నాయి అన్నీ.

"అవి అరిచి విరిగినవి," అంది వేలు చీకుతూ. "ఇది అరవలేదు. ఎందుకంటే ఇందులో నార తెగలేదు. జిగురు వదిలేసింది. అంతేనా కాసిమ్?"

కాసిమ్ సున్నంలో బూటుకాలితో గీతలు గీస్తున్నాడు.

"ఈ ఇనుప తొడుగు విప్పు."

"పానా కనబడ్డం లేదు ఎజె."

"నీ వెనక జేబులో ఉంది."

నాలుగు బోల్టులు. కాసిమ్ చేతులు ఇరవై ఆరేళ్లుగా బోల్టులు విప్పిన చేతులు. ఇవాళ మొదటి బోల్టుకే మూడుసార్లు జారాయి. జుమాగుల్ చూస్తోంది. బోల్టు తలల అంచుల మీద కొత్త గీతలు మెరుస్తున్నాయి. వీటిని ఈ మధ్యే ఎవరో తొందరగా విప్పి బిగించారు.

"క్రేన్ పుస్తకంలో బుధవారం సాయంత్రం ఆరూ నలభైనుంచి ఏడూ పదిదాకా అని రాసుంది," అంది మామూలుగా. "పరీక్ష గురువారం. దూలం మంగళవారమే పైకెక్కింది. బుధవారం క్రేన్‌తో ఏం ఎత్తావు?"

నాలుగో బోల్టు కింద పడి దొర్లింది.

తొడుగు ఊడింది. దూలం కొస బయటపడింది. సున్నం లేని చెక్క. జుమాగుల్ చంకలోని ముక్క తీసి దానికి ఆనించింది. చింపిన కాగితం రెండు ముక్కలు కలిసినట్టు కలవాలి. కలవలేదు. ముక్కలో చెట్టు వలయాలు పైకి వంగితే దూలంలో కిందికి వంగాయి. మూడో పలకలో ముడి లేదు. ముక్క ఎర్రగా ఉంది, సైబీరియానుంచి వచ్చే లార్చ్ మాను చేవ. దూలం పాలిపోయి ఉంది.

కొస మీద కాల్చి వేసిన అంకె ఉంది. 12.

"ఇది ఆ పిల్ల దూలం కాదు," అంది జుమాగుల్.

దువానాయెవ్ గట్టిగా నవ్వాడు. "టీ కెటిల్ కింద పెట్టే చెక్కతో కోర్టుకు పోతారా ఎజె? ఏ ముక్క ఎక్కడనుంచి తెచ్చుకుందో ఎవరికి తెలుసు?"

"కాసిమ్‌కి తెలుసు."

కాసిమ్ పానా కింద పెట్టాడు. చాలా నెమ్మదిగా, నిద్రపోయే పిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు.

"పిల్లది పెరట్లో టార్పాలిన్ కింద ఉంది ఎజె. ఏడో నంబరు. దానికేం కాలేదు. బంగారం లాంటి దూలం."

"మార్చింది ఎవరు?"

"ఆయనే. అగాయే. నేను క్రేన్ తిప్పాను, ఆయన కొక్కెం తగిలించారు. డెబ్భై ఒక్కేళ్ల మనిషి నిచ్చెనెక్కి. తర్వాత ఇద్దరం సున్నం కొట్టాం. రెండూ ఒకే కొలత, పొద్దునకల్లా ఏది ఎవరిదో ఎవరికీ తెలీదు."

"ఎందుకు?"

కాసిమ్ కిందపడ్డ బోల్టు ఏరి జేబులో వేసుకున్నాడు. జుమాగుల్ కసరలేదు. ఆ ఓపిక కూడా లేదు. "కాసిమ్, ఆ పిల్ల రెండు రోజులుగా ఏమనుకుంటోందో తెలుసా? తను తగనిదని అగాయ్ అనుకుంటూ పోయాడని. ఇది నీది కాదు అన్నాడట. దాని అర్థం నీకొక్కడికే తెలుసు. నువ్వేమో నోట్లో ఎండు పెరుగుండ, కురుత్, పెట్టుకున్నట్టు కూర్చున్నావు. రెండింటికి బండొస్తుంది."

కాసిమ్ ఏడవలేదు. గోడకేసి చూస్తూ చెప్పాడు, ఎవరికో వప్పజెప్తున్నట్టు.

"జనవరిలో బైట పని వచ్చింది. పదకొండు దూలాలు, పైన ఒకటి అదనం. మొత్తం పన్నెండు. తేదీ తక్కువ. ఆ నెల మందిరంలో పైపులు పగిలి వేడి లేదు. లోపల గ్లాసులో నీళ్లు గడ్డకట్టేవి. ఆ జిగురు చలిలో పట్టదు ఎజె, ఆరినట్టు కనబడుద్ది, అంతే. నేను చెప్పా. అగాయ్ ఆస్పత్రిలో ఉన్నారప్పుడు, ఊపిరితిత్తులు. కళాశాల ఆఫీసులో ఏమన్నారంటే, జిగురు పెట్టేది నువ్వు, సంతకం పెట్టేది మేము, నీకెందుకన్నారు. అగాయ్ ముద్ర కూడా వాళ్లే వేశారు. నేను అంటించాను. నా చేతుల్తోనే అంటించాను."

"అగాయ్‌కి ఎప్పుడు తెలిసింది?"

"మార్చిలో. అదనపు దూలం పెరట్లో పడుంటే గోటితో పలక అంచు గీకి చూశారు. అప్పట్నుంచి మనిషికి నిద్ర లేదు. తనిఖీ శాఖకు మూడు ఉత్తరాలు రాశారు. ఒక్కదానికి జవాబొచ్చింది. 'గమనించడమైనది' అని."

దువానాయెవ్ తన బూట్లకేసి చూసుకున్నాడు. అవి ఇప్పుడు తెల్లగా ఉన్నాయి.

"ఒక్క దూలాన్ని అధికారుల ముందు విరగ్గొట్టి చూపిస్తే తప్ప వినరన్నారు. పరీక్షా మండలి అంటే ఆరుగురు అధికారులు, వీడియో, మంత్రిత్వ శాఖకు పోయే రికార్డు. అందుకే పిల్ల దూలం తీసి పన్నెండో నంబరు పెట్టించారు. కింద నిలబడొద్దని నేను కాళ్లు పట్టుకున్నా. 'ఎవరూ నిలబడకపోతే మోసమని పసిగడతారు. నేను వింటాగా, అరవగానే పక్కకు దూకుతా. నలభై ఏళ్లుగా వింటున్నా' అన్నారు."

అదే ఆయన తప్పు. జుమాగుల్‌కి అప్పుడు అర్థమైంది. నలభై ఏళ్లు మంచి దూలాలు మాత్రమే చేయించిన మనిషి. మంచి చెక్క చచ్చేముందు అరుస్తుంది. చెడ్డ జిగురు చప్పుడు చేయకుండా వదిలేస్తుందని ఆయనకు వినే అవకాశమే రాలేదు. దొంగ పనిని కూడా మంచి పని చెవులతోనే విన్నాడు.

"మిగిలిన పదకొండూ ఎక్కడున్నాయి?" అంది జుమాగుల్.

కాసిమ్ ఆమెకేసి కాదు, దువానాయెవ్‌కేసి చూశాడు.

"ఆయన్నడగండి. వాటికి ఆమోదం పెట్టింది ఆయనే. కొత్త క్రీడాశాల పైకప్పు."

బయట రేకు చూరు మీదనుంచి తడి మంచు జారి దబ్బున పడింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

జుమాగుల్ కిటికీ తీసి గట్టు మీద చెయ్యి పెట్టింది. జానెడు మంచు. నీళ్లోడుతున్న బరువు మంచు. ఒంటిగంటా ముప్ఫై ఎనిమిది.

ఫోను తీసి జిల్లా డ్యూటీ అధికారికి కొట్టింది. రెండు మాటల్లో చెప్పింది. అవతలి గొంతు నసిగింది. "మేజర్ ఎజె, కల్నల్‌గారు అక్కడే మొదటి వరసలో ఉన్నారు. ఉపమంత్రి వచ్చారు. ఎవరి మాట మీద ఖాళీ చేయించమంటారు? మీరు ఇంజనీరు కాదు కదా. ఆమోదం ఇచ్చిన నిపుణుడు చెప్తే చెప్పండి, ఈ క్షణం బస్సులు పంపిస్తా."

"లైన్‌లో ఉండు," అంది.

సంతకాలు పెట్టేవాళ్లు నిచ్చెనలెక్కరు. నిచ్చెనలెక్కేవాళ్ల చేతిలో కలం ఉండదు. ఈ దేశంలో పైకప్పులన్నీ ఆ సందులోనే కూలతాయి. జుమాగుల్ జేబులోంచి మడిచిన కాగితం తీసి దిమ్మె మీద పరిచింది. పక్కన కలం పెట్టింది. ఫోను పెట్టింది.

"ఎర్మెక్, విను. నీ నివేదికలో విరిగింది ఆ పిల్ల దూలం. అది నిజమైతే క్రీడాశాలకు ఏ భయమూ లేదు. నేను ఇప్పుడే సంతకం పెడతా, నువ్వు పోయి కుస్తీ చూడు. అట్లా కాక నీకు భయమేస్తే, విరిగింది ఆ పిల్లది కాదు. రెండూ నిజం కావు. ఏదో ఒకటి చెప్పు. ఫోను వింటోంది."

"నాకు తెలియదు." దువానాయెవ్ కాగితాన్ని వెనక్కి తోశాడు. "ఎజె, ఒట్టు, తెలియదు. అగాయ్ ముద్ర ఉంది కాగితం మీద. ఆయన ముద్ర ఉంటే ఎవరు పైకెక్కి చూస్తారు? ఎవరూ చూడరు. తెలిస్తే నా కూతుర్ని పంపిస్తానా?"

"అది నన్నడక్కు. మూడు ఉత్తరాలనడుగు."

అతను విరిగిన దూలం దగ్గరికి పోయాడు. కోటు సున్నంలో ఈడ్చుకుంటూ వంగి, ఆ నున్నటి ముఖం మీద అరచెయ్యి పెట్టాడు. మొదటిసారి. తీసి చెయ్యి చూసుకున్నాడు. ఒక్క పేడు కూడా గుచ్చుకోలేదు.

వెనక్కొచ్చి ఫోను తీసుకున్నాడు.

"నేను దువానాయెవ్. తనిఖీ శాఖ. గురువారం విరిగింది విద్యార్థినిది కాదు. క్రీడాశాల దూలం. శాల ఖాళీ చేయించండి. అవును, నా మాట మీదే. సంగీతం ఆపండి, పిల్లల్ని పరిగెత్తించొద్దు, గోడల వెంబడి నడిపించండి. పైకి మంచు తొయ్యడానికి ఎవర్నీ ఎక్కించొద్దు. ఇప్పుడే!"

జుమాగుల్ కాగితాన్ని నాలుగుగా చింపింది. దాని కోసం ముప్ఫై ఒక్కేళ్లుగా ఎదురుచూసినట్టు చింపింది. సంతోషం మాత్రం రాలేదు. "కాసిమ్, స్టేషన్‌కి పో. పిల్లతో నువ్వే చెప్పు. అగాయ్ ఎందుకలా అన్నాడో నీ నోటితోనే చెప్పు. తర్వాత నీ సంగతీ ఆఫీసు వాళ్ల సంగతీ చూస్తా."

దువానాయెవ్ అప్పటికే సొంత ఫోనులో నంబరు నొక్కుతున్నాడు. నడుస్తూ, జారుతూ, వాకిట్లో మంచులోకి. జుమాగుల్ కుంటుకుంటూ వెనకే పోయింది. ఎన్నోసారికో అవతల ఎత్తారు. చప్పట్లు, డప్పులు, వందల పిల్లల కేకలు. అతను స్పీకర్ నొక్కాడు.

"ఆతా! ఎక్కడున్నావు? నా వంతు వచ్చేసింది!"

"తల్లీ, మెరే, విను. ఎక్కడున్నావు?"

"మధ్యలో. చాప మీద."

"పైకి చూడు. పైకప్పుకేసి చూడు. ఏమైనా చప్పుడొస్తోందా? కిర్రుమని, టప్పుమని, ఏదైనా?"

అవతల డప్పులు ఒక్కసారిగా ఆగాయి. ఎవరో మైకులో ఏదో చెప్పబోయి ఆగినట్టున్నారు. మూడొందల మంది ఒకేసారి మాట ఆపేస్తే వచ్చే నిశ్శబ్దం ఫోనులోంచి వాకిట్లోకి వచ్చింది. మెరే ఊపిరి వినిపించింది. తలెత్తి చూస్తోంది పిల్ల, శ్రద్ధగా.

"లేదు ఆతా," అంది. "అసలేం చప్పుడు లేదు."